ఏడో మెట్టు

ఇంట్లో ఒక భూతద్దం తిరుగుతుంటే ఇల్లాలి బతుకెంత నరకమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఆ ఇల్లాలికి ఆ నరకం ఇరవై నాలుగేళ్ళ కూతురి రూపంలో ఉంది. బడిలో రాయించిన పేరు ఒకటుంది గానీ, ఇంటిల్లిపాదీ పిలిచేది ‘భూతద్దం’ అనే. పంచదార డబ్బా మూత ఎటు తిరిగి ఉందో చూసి, నాన్న టీలో ఎన్ని చెంచాలు దొంగతనంగా కలుపుకున్నాడో చెప్పేస్తుంది. తలనొప్పిగా ఉందని తల్లి తలుపు వేసుకుంటే, “డెబ్బై రెండో పేజీలో ఆపావు కదా, ఆ నొప్పి అయిపోయాక పుస్తకం నాకివ్వు” అంటుంది. చిన్నా చితకా అబద్ధం ఒక్కటైనా లేకుండా ఏ ఆడదైనా సంసారం ఎలా ఈదుతుంది? అన్నీ పోగా ఆవిడకి మిగిలింది ఒకే ఒక్క పెద్ద అబద్ధం. ఇప్పుడు దాని మీదా కన్నేసింది ఆ పిల్ల.

కన్నేసిందంటే, మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రాత పరీక్ష గట్టెక్కింది. ఐదు రోజులు ఎక్కడికో తీసుకెళ్ళి ఉరికించి, దూకించి, ప్రశ్నలతో పీల్చి పిప్పి చేసిన ఇంటర్వ్యూ కూడా గట్టెక్కింది. ఇంక మిగిలింది నలభై పేజీల వివరాల పత్రం, ఆ తర్వాత ఇంటికొచ్చి చేసే విచారణ. పదేళ్ళుగా ఏ ఇంట్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో, ఏ చుట్టం ఏం చేస్తాడో, అన్నీ రాయాలి.

“సంబంధం చూడ్డానికొచ్చిన వాళ్ళు కూడా ఇంత ఆరా తియ్యరే తల్లీ” అని సణిగింది ఆవిడ.

ఇరవై ఆరో పేజీ దగ్గర మాత్రం సణుగుడు ఆగిపోయింది. ‘ఒంటి మీద పాత గాయాలు, వాటికి కారణం.’

భూతద్దం ఎడమ మణికట్టులో ఒక ఉక్కు పలక, ఆరు మరలు ఉన్నాయి.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టరు. అందరూ పడతారు. ఇంటాయన పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ఆయన ముక్కు ఒకసారి గడప మీద పడి పగిలింది, పెదవి తలుపు తగిలి చిట్లింది, రెండు పక్కటెముకలు స్టూలు మీంచి జారి విరిగాయి. ఇన్నిసార్లు పడ్డ మనిషిని ఏ సర్కసు వాళ్ళూ ఎగరేసుకు పోలేదంటే ఆశ్చర్యమే. అసలు సంగతేమిటంటే బైండింగ్ షాపు ఆయన అన్నగారి పేరున ఉంది. ఆ షాపు వెనక ఉన్న రెండు గదుల్లోనే అప్పట్లో అందరి కాపురమూ. ఆ అన్నగారి చేతిలో ఏ వస్తువున్నా అది ఎవరి ఒంటి మీదో తేలేది.

తొమ్మిదేళ్ళ కింద, వానాకాలంలో ఒక సాయంత్రం, నాలుగు వందల డైరీలు కటింగ్ మిషన్‌లో వంకరగా తెగాయి. బ్లేడు మొద్దుబారిందని బైండరు వారం నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. అన్నగారు మిషన్‌ని ఏమీ అనలేదు. పుస్తకాల్ని అదిమే ప్రెస్సు బిగించే ఇనప కడ్డీ ఊడదీసి తమ్ముడి వీపు మీద వేశాడు. ఒకటి. రెండు. మూడోదానికి బైండరు కాగితాల మధ్య బోర్లా పడ్డాడు. నాలుగోది తలకి గురిపెట్టాడు. అప్పుడే బడి నుంచి వచ్చిన పిల్ల, సంచీ భుజాన ఉండగానే ఉరికొచ్చి ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

మందపాటి అట్టని మోకాలికేసి విరిచినట్టు టప్పుమంది. ఎముక కొస చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. తెల్ల కాగితాల మీద నెత్తురు జల్లయింది. పిల్ల ఏడవలేదు. చెయ్యి వంక చూసుకుని, “అమ్మా, ఇది లోపలుండాలి కదా?” అంది.

ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడగ్గానే, ఆవిడ నోట్లోంచి మాట దానంతటదే జారింది. “మెట్ల మీద పడిందండీ.” నిజం చెబితే రాత్రికి తల దాచుకునే చోటుండదు, మర్నాటికి పని ఉండదు. అప్పటికి అదే తెలివనుకుంది.

నాలుగు నెలల తర్వాత వీధికి అవతల ఇంట్లో పై వాటాకి అద్దెకి మారారు. సామానుతో పాటు అబద్ధం కూడా ఇల్లు మారింది. కొత్తింటికి నిజంగానే మెట్లున్నాయి, పద్దెనిమిది. ఏడోది కాస్త అరిగి ఉంటుంది. “చూసుకుని దిగండి, మా అమ్మాయి చెయ్యి విరిగింది అక్కడే” అని పాలవాడికీ పోస్టుమాన్‌కీ చెప్పీ చెప్పీ, చివరికి ఆవిడే నమ్మేసింది.

“ఆస్పత్రి కాగితంలో ఏముందో అదే రాయి” అంది ఇరవై ఆరో పేజీ మీద వేలు పెట్టి.

“పడలేదుగా.”

“పడలేదని నాకు మాత్రం తెలీదుటే? కొట్లాటల కొంప అని తెలిస్తే తీసుకుంటారా నిన్ను? ఆయన పెదనాన్నే, పగవాడు కాడు.”

“పగవాడైతే ఇన్నిసార్లు ఇంట్లోకి రానిస్తామా?” అంది భూతద్దం. కాసేపు తల్లి మొహంలోకి చూసి, కలం తీసుకుని చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. ఏం రాసిందో ఆవిడ అడగలేదు. కూతురు తన మాట విన్నదని ఆ పూట తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆపైన మొగుడికి పాఠం మొదలుపెట్టింది. “వానకి తడిసిన మెట్టు, కాలు జారింది, ఎడమ చెయ్యి కిందికొచ్చింది. పాపం ఏడవను కూడా లేదు. ఏదీ, చెప్పండి.” బైండరు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని అప్పజెప్పేవాడు. బావగారికి చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది. ఆయన్ని ఎవరడుగుతారులే అనుకున్నారు.

విచారణకి ఆఫీసరు వచ్చిన పొద్దున ఆవిడ తలుపు తెరిచి, “మాకు నీళ్ళ ఫిల్టరు ఉందండీ” అని మూసెయ్యబోయింది. తప్పు ఆవిడది కాదు. నలిగిన చొక్కా, భుజాన గుడ్డ సంచీ, అలిసిపోయిన మొహం. ఆయన కార్డు తీసి చూపించాక ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

భూతద్దాన్ని బయట మెట్ల మీద కూర్చోమన్నాడు. “మీరు నోరు విప్పకూడదు. ఇవాళ ఎక్కడా” అన్నాడు. ముందు బైండర్ని వంటింట్లో కూర్చోబెట్టి మాట్లాడాడు. తర్వాత ఆవిడని ముందు గదిలో. టీ తాగాడు, పొంతన లేని ప్రశ్నలు ఓ పది అడిగాడు. ఆఖర్న చెయ్యి సంగతి ఎత్తాడు.

“వానకి తడిసిన మెట్టు, కాలు జారింది, ఎడమ చెయ్యి కిందికొచ్చింది. పాపం ఏడవను కూడా లేదు” అంది ఆవిడ గడగడా.

“ఏ మెట్టమ్మా?”

“ఏడోదండీ.” బయటికి తీసుకెళ్ళి మరీ చూపించింది. అక్కడే కూర్చుని ఉన్న భూతద్దం లేచి పక్కకి జరిగింది. “ఇదిగో, ఈ అరుగుడు చూశారా?”

ఆఫీసరు వంగి ఆ మెట్టుని తడిమి చూశాడు. సంచీలోంచి కాగితాల కట్ట తీశాడు. “మీ ఆయన కూడా ఇవే మాటలు చెప్పారు. పాపం అన్న మాట కూడా ఆ చోటే అన్నారు.” పేజీ తిప్పాడు. “మీరీ ఇంటికి వచ్చింది చెయ్యి విరిగిన నాలుగు నెలలకి. తేదీలన్నీ మీ అమ్మాయి రాసింది.”

ఆవిడ మాట మార్చింది. “అంటే... పాత ఇంట్లోనండీ. మెట్టు మెట్టేగా. కంగార్లో చెప్పాను.”

“ఇంకోటి కూడా రాసింది. చదువుతాను వినండి. ‘పెదనాన్న ఇనప కడ్డీతో కొట్టగా విరిగింది. ఆస్పత్రిలో మెట్లు అని చెప్పారు, ఇంట్లో ఇప్పటికీ అదే చెబుతారు. ఏ మెట్టో అడగండి.’”

ఆవిడ కూతురి వంక చూసింది. భూతద్దం గోడ వంక చూస్తోంది.

“ఈ మాటకి ఈ ఒక్క కాగితమే సాక్ష్యం” అన్నాడు ఆఫీసరు. “అటు ఆస్పత్రి రికార్డుంది, మీ ఇద్దరి మాటుంది. నేనిలాగే రాసుకుపోతే అబద్ధం రాసింది మీ అమ్మాయి అవుతుంది. అబద్ధం రాసిన వాళ్ళని మేం తీసుకోం. మళ్ళీ ఎప్పటికీ దరఖాస్తు పెట్టనివ్వం కూడా. సరే, పాత ఇల్లు చూద్దాం పదండి.”

బైండర్ని కూడా వెంటబెట్టుకుని నలుగురూ బయల్దేరారు, వీధి దాటడానికి నిమిషం పట్టదు. ఆవిడకి ఆ నిమిషంలో నోరు తెరవడానికి వందసార్లు వీలైంది, వందసార్లూ నీళ్ళు నమిలింది.

షాపంతా జిగురు వాసన. కోసిన కాగితపు పోచలు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. బావగారు ఒక్కడే ప్రెస్సు దగ్గర ఉన్నాడు, కడ్డీ తిప్పుతూ. ఆఫీసరు కాగితపు రీముల గుట్టల మధ్య నుంచి వెనక గదుల్లోకి వెళ్ళి చూసొచ్చాడు. అంతా నేలకి సమమే. గడప తప్ప ఎత్తన్నది లేదు.

“మీ తమ్ముడి కూతురి చెయ్యి ఎలా విరిగిందండీ?” అని గుట్టల వెనక నుంచే అడిగాడు.

బావగారు ఆయన వైపు చూడనే లేదు. తమ్ముడి వైపు తిరిగాడు. “ఒరేయ్, పోలీసుల్ని తెస్తావురా నా మీదికి? నా నీడన బతికి?”

“అన్నయ్యా, ఆయన పోలీసు కా...”

కడ్డీ ఊడొచ్చింది. మొదటి దెబ్బ బైండరు చెవి మీద పడింది. చెవి చీలి మెడ దాకా ఎర్రటి గీత దిగింది. రెండోది భుజం మీద. బైండరు కటింగ్ మిషన్‌కి గుద్దుకుని మోకాళ్ళ మీద కూలాడు. బావగారు అతని జుట్టు పట్టుకుని మిషన్ బల్లకేసి మొహాన్ని ఒకసారి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. పన్ను ఒకటి అట్టల మీదికి ఎగిరి పడింది. “చెప్తావా? ఇంక చెప్తావా?” ఆఫీసరు అడ్డమొచ్చిన రీముల్ని తోసుకుని రాబోతే, గుట్ట మొత్తం ఆయన మీదే కూలింది. బావగారు జుట్టు వదిలి కడ్డీని రెండు చేతులా పైకెత్తాడు. తలకి గురి.

భూతద్దం ఉరికింది. ఎడమ చెయ్యి ఎత్తింది.

ఆవిడకి అంతా కనబడింది. అదే కడ్డీ, అదే చెయ్యి, మధ్యలో తొమ్మిదేళ్ళు లేనట్టే. పుస్తకాల వీపులు గుండ్రంగా కొట్టే సుత్తి బల్ల మీదుంది. అది చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు. కూతుర్ని మోచేత్తో పక్కకి నెట్టి, బావగారి మణికట్టు మీద బలంకొద్దీ కొట్టింది.

టప్పుమంది. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు.

కడ్డీ నేల మీద మోగింది. బావగారు అరిచాడు. ఆవిడ ఆగలేదు, మోకాలి మీద ఇంకోటి వేసింది. ఆయన పక్కకి ఒరిగి పోచల్లో పడ్డాడు. మూడోసారి ఎత్తింది, ఈసారి తలకే. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భూతద్దం పట్టుకుంది, ఎడమ చేత్తో. పలక ఉన్న చోట ఆ చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

“అమ్మా. చాలు.”

ఈలోగా ఆఫీసరు కాగితాల్లోంచి లేచొచ్చి కడ్డీని కాలితో దూరంగా తన్నాడు. బావగారి మంచి చేతిని కుట్టు దారంతో ప్రెస్సు కాలికి కట్టాడు. తల దులుపుకుని, కూలిన రీముల మీదే కూర్చుని కాగితాల కట్ట తెరిచాడు. నుదురు చిట్లింది గానీ కలం మాత్రం జేబులో భద్రంగా ఉంది.

“ఇప్పుడు చెప్పండి. ఏం జరిగింది?”

బైండరు నోటినిండా నెత్తురు మింగి, ముక్కు తుడుచుకుని, అలవాటు కొద్దీ చేతులు కట్టుకున్నాడు. “పడ్డానండీ. మిషన్ తగిలి...”

బావగారు కింద నుంచి ఆవిడకేసి చూసి మూలిగాడు. “అమ్మాయ్, నేను కూడా కాలు జారి పడ్డానని చెప్పు. ఇంటి పరువు...”

ఆవిడకి నవ్వొచ్చింది. రాకూడని చోట, రాకూడనంత నవ్వు. ఒకడు పన్ను ఊడి పడ్డాడట, ఒకడు చెయ్యి విరిగి పడ్డాడట, ఇంత కొంపలో నిలబడ్డ వాళ్ళే లేరన్నమాట. కళ్ళు తుడుచుకుంది. సుత్తిని బల్ల మీద, ఎక్కడిది అక్కడ, పెట్టేసింది.

“మెట్లు లేవండీ” అంది. “ఈ ఇంట్లో ఏనాడూ ఎవరూ పడలేదు. ఈ బావగారు కొడతాడు. దాని చెయ్యి విరగ్గొట్టింది ఈయనే, ఆ కడ్డీతోనే, మీరు కూర్చున్న చోటే. మెట్ల కథ అల్లింది నేను. మొగుడికి బట్టీ పట్టించింది నేను. ఇందాక ఈయన చెయ్యి విరగ్గొట్టింది కూడా నేనే, అది కూడా రాసుకోండి.”

“కాస్త నెమ్మదిగా చెప్పండమ్మా. మీ మాటల్లోనే రాయాలి.”

బైండరు చేతులు విప్పేశాడు. భూతద్దం ఆఫీసరు చెప్పినట్టే నోరు విప్పలేదు గానీ, మొదటిసారి ఆ పిల్ల కళ్ళు దేన్నీ వెతకడం లేదు, తల్లి మొహం మీదే ఉన్నాయి. ఆవిడ ఆ మొహానికేసి చూస్తూ, ఒక్కో మాటా కాగితం మీదికి దిగేదాకా ఆగి ఆగి చెప్పింది.

“మా అమ్మాయి రాసిందే నిజం. తొమ్మిదేళ్ళ నుంచీ నేను చెప్పిందంతా అబద్ధం. తప్పు నాది.”