గిర్మాజీపేటలో గ్యాస్ కుంపటి

కుమారస్వామి పొయ్యి బర్నరును బోర్లించి పట్టుకొని, పిన్నీసుతో ఒక్కో కన్నమూ పొడుస్తున్నాడు. పొంగిన గంజి ఎండి నల్లగా గట్టిపడింది. పోచమ్మ మైదాన్ దగ్గర అతని దుకాణంలో ఒకరు కూర్చుంటే రెండోవారు బయట నిలబడాల్సిందే. అతను పొట్టి మనిషి. మంటకు కాలి కాలి చేతివేళ్ల చివర్లు నున్నబడ్డాయి, కనుబొమలు ఎప్పుడూ పూర్తిగా పెరగవు. చాయ్ గ్లాసు ఇచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూస్తాడు.

పరకాల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చి స్టవ్వుల దుకాణంలో చేరాడు. మీసాలు నెరిశాక కూడా అదే పని. మధ్యలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. మొగిలమ్మతో పెళ్లయింది. శివనగర్‌లో రేకుల ఇల్లు వేసుకున్నారు. పిల్లలు కలగలేదు. కొన్నాళ్లు బాధపడి ఊరుకున్నారు.

అతనికున్నది ఒక్కటే చాదస్తం. ఎక్కడ గ్యాస్ పని చేసినా, సాయంత్రం ఇంటికి పోతూ మళ్లీ ఆ ఇంటికి వెళ్లి చూసి వస్తాడు. ఎవరూ పిలవరు. సరిగ్గా వంటల వేళకు వస్తాడని కొందరు నవ్వుకుంటారు. "నీకు ఇంటికన్న ఊరోళ్ల పొయ్యిలే ఎక్కువ" అని మొగిలమ్మ సణుగుతుంది. అతను వినీ విననట్టు ఉంటాడు.

ఆ రోజు గిర్మాజీపేటలో బట్టల వ్యాపారి శ్యాంసుందర్ ఇంట్లో పని పడింది. శ్యాంసుందర్ చెల్లెలు యమున పురుటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. డిసెంబరు చలి గట్టిగానే ఉంది. బాలింతకు గాలి సోకకూడదని తల్లి సరస్వతి కిటికీ సందుల్లో మైదాతో కాగితాలు అంటించింది, కూతురి చెవులకు గుడ్డ కట్టింది, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. పొగకు బిడ్డ దగ్గుతోందని శ్యాంసుందర్ హైదరాబాద్ నుంచి గ్యాస్ కుంపటి కొనుక్కొచ్చాడు. ముందు అద్దం, లోపల మట్టితో చేసిన ఉత్తుత్తి కట్టెలు, వెలిగిస్తే వాటి మధ్య మంట. పొగగొట్టం అక్కర్లేదని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో ఉంది.

"పొగనే రాదాయె. ఇంక కిటికి తెరుసుడెందుకు?" అంది సరస్వతి.

"కండ్లకు కనవడదమ్మా. మంట గూడ మనలెక్కనే గాలి పీలుస్తది. పండుకునే గదిల నేను పెట్ట" అన్నాడు కుమారస్వామి.

"గాలి తక్కువైతే దానంతట అదే ఆగిపోతదట కాకా" అన్నాడు శ్యాంసుందర్.

"ఆగితె మంచిదే. ఆగకుంటె?"

చాలాసేపు వాదించుకున్నాక ముందుగదిలో పెట్టడానికి ఒప్పుకున్నారు. కుమారస్వామి దాన్ని పరదాలకు దూరంగా గోడకు బిగించాడు. సిలిండర్‌ను వరండాలో నిలబెట్టి, గోడలోంచి పైపు లాగి, రెండు చివర్లా క్లిప్పులు వేశాడు. ప్రతి అతుకుకూ సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని వంగి చూశాడు. బయటి గోడకు కింద పిడికిలి పట్టేంత కన్నం తొలిచాడు, కిటికీ పైరెక్క తెరిచి ఉంచాడు. పడుకునే ముందు ఆర్పేయాలని తల్లికీ కొడుక్కీ విడివిడిగా చెప్పాడు. లోపలి గదిలో యమున మంచాన్ని గాలి నేరుగా తగలని మూలకు జరిపించాడు.

"సరే తియ్యి" అంది సరస్వతి. ఆమెకు మనసొప్పలేదని అతనికి తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం హన్మకొండలో ఒక హోటల్ పొయ్యి బాగుచేశాడు. పొద్దుగూకేసరికి నడుం పీకడం మొదలైంది. నేరుగా ఇంటికి పోదామనుకొని స్కూటరును శివనగర్ దారి పట్టించాడు కూడా. కొంత దూరం పోయాక మనసు ఊరుకోక గిర్మాజీపేటకు తిప్పాడు.

సరస్వతి ఆలస్యంగా తలుపు తీసింది. ముందుగది ఇటుకబట్టీలా ఉంది. కిటికీ అద్దాల నిండా చెమట. పైరెక్క మూసి గడియ పెట్టారు. వెచ్చగా ఉంటుందని బాలింత మంచాన్ని ఇక్కడికే తెచ్చి వేశారు. గోడ కన్నంలో పాత చీర ముక్కను ఉండ చుట్టి కుక్కారు.

"తల పగులుతాంది కాకా" అంది యమున, కళ్లు తెరవకుండానే. "పాపకు పాలిద్దామంటె లేస్తలేదు."

"మంచిగ పండుకున్నది పిల్ల" అంది సరస్వతి తృప్తిగా.

కుమారస్వామి మంట ఆర్పి, తలుపులు బార్లా తెరిచాడు. మోకాళ్ల మీద కూర్చొని కన్నంలోంచి గుడ్డ లాగి, చేతులు ఖాళీ కావాలి గనుక జేబులో కుక్కుకున్నాడు. బిడ్డను ఎత్తుకొని వరండాలోకి పోయాడు. వెనకే యమున గోడ పట్టుకుంటూ వచ్చి గడప మీద కూలబడింది. అతనికి భయమేసింది. బిడ్డ అరికాలిని గోటితో గీకాడు. కదల్లేదు. మళ్లీ గీకాడు. బిడ్డ మొహం ముడిచి, కాసేపు ఆలోచించుకొని, ఏడ్చింది.

సరస్వతి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "సలి తాకుతదని పెట్టిన కుమారస్వామీ."

"సలికి చెద్దరున్నది గదమ్మా."

శ్యాంసుందర్‌కు ఫోన్ చేసి రప్పించాడు. తల్లీబిడ్డలను దవాఖానలో చూపించమని ఆటో ఎక్కించాడు. సిలిండర్ నుంచి రెగ్యులేటర్ ఊడదీసి పక్కన పెట్టి, స్కూటర్ ఎక్కాడు.

"ఇయ్యాల గూడ పోయినవా?" అంది మొగిలమ్మ.

"పోయిన."

"ఏమన్న ఉన్నదా మరి?"

"ఏం లేదు. జర మంచినీళ్లియ్యి."

చొక్కా విప్పి దండెం మీద వేసి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆమె చెంబుతో వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. పిలిస్తే పలకలేదు. గుండె ఆగిందన్నారు.

మర్నాడు శ్యాంసుందర్ పూలదండతో వచ్చాడు. తల్లీబిడ్డలకు గండం తప్పిందని డాక్టర్లు చెప్పారు. ఆ మాట మొగిలమ్మకు చెబుదామని రెండుసార్లు దగ్గరకు పోయాడు గానీ, ఆమె ఏడుస్తుంటే చెప్పకుండానే పక్కకు తప్పుకున్నాడు. శ్మశానం దాకా నడిచి వెనక్కి వెళ్లాడు.

కర్మలయ్యాక మొగిలమ్మ దండెం మీది చొక్కాను ఉతుకుదామని తీసి, జేబు తడిమింది. మామిడిపిందెల అంచున్న పాత చీర ముక్క చేతికి తగిలింది. తన చీర కాదు. పనిలో నూనె తుడుచుకునే గుడ్డ అనుకుందామంటే మరక లేదు. అతని చివరి రోజుది గనుక ఉతకబుద్ధి కాక, కిటికీలో పెట్టింది. అది పిడికిలంత గుండ్రంగా, కుక్కిన ఆకారం విప్పుకోకుండా అలాగే ఉంది.