గళ్ళదా, బారుదా?

మా కోడలి మనసులో ఏముందో, అది ఆమెకు తట్టకముందే నాకు తెలిసిపోతుంది. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసినవాణ్ణి. పట్టా మీద చెవి పెట్టి, వచ్చేది గూడ్సో పాసింజరో చెప్పడమే కాదు, డ్రైవరు పొద్దున ఏం తిన్నాడో కూడా చెప్పేవాణ్ణి. అలాంటి చెవికి ఒక ఆడపిల్ల మనసెంత? కాబట్టి నా మాట నమ్మి చదవండి.

ఆ శనివారం పొద్దున కోడలమ్మాయి మా అబ్బాయి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. చెయ్యి కాలరు మీద, కళ్ళు పక్కన తెరిచిపెట్టిన లాప్‌టాప్ మీద. ఇస్త్రీ గది అని పేరే గాని, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివన్నీ చేరే గది అది. కాలు విరిగిన కుర్చీ, చలికాలం దుప్పట్లు, మావాడు కొత్తది కొనుక్కుని వదిలేసిన ఆ లాప్‌టాప్. అమ్మాయి దుప్పట్లను గోడలకు మేకులు కొట్టి వేలాడదీసింది, బయటి చప్పుడు లోపలికి రాకుండా. మైకును చీపురు కర్రకు కట్టింది. ఇస్త్రీ బల్లకు ఒక చివర చొక్కాలు, ఇంకో చివర చిన్న కీబోర్డు. పాటలు కట్టే స్టూడియో అదే.

ఆ లాప్‌టాప్‌లో రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. ఊరికే వాడి చూసుకునే గడువు మర్నాటితో సరి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. వాటి పేర్లు నా నోటికి తిరగవు. అమ్మాయి మాత్రం ఒకదాన్ని గళ్ళది అనీ, రెండోదాన్ని బారుది అనీ పిలుచుకుంటుంది. గళ్ళదాంట్లో తెరంతా గళ్ళే. ఒక గడిలో చిటికెడు దరువు, ఇంకో గడిలో చిన్న కూనిరాగం. గడి నొక్కితే ఆ ముక్క గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని లూప్ అంటారట. ఎప్పుడైనా ఆపొచ్చు, ఎప్పుడైనా అందుకోవచ్చు. బారుది అలా కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి గీత. పాట ఇక్కడ మొదలై అక్కడ ముగుస్తుంది. మధ్యలో ఏది ఎప్పుడు రావాలో పేర్చుకుంటూ పోవాలి. గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. మధ్యలో లేస్తే, తిరిగొచ్చేసరికి మనసులో ఉన్న రాగం కాస్తా ఆవిరి.

"నీకు గళ్ళదే కరెక్టు," అన్నాడు మావాడు టీ కప్పుతో వచ్చి, గుమ్మానికి ఆనుకుని. "కుక్కరు పెట్టి విజిల్ వచ్చేలోపు ఒక ముక్క చేసుకుంటావు. బట్టలారేసి వచ్చి ఇంకో ముక్క. నీలాంటివాళ్ళ కోసమే చేసుంటారు. ఇంతకీ ఆ చొక్కా అయిందా?"

వాడు చెడ్డవాడు కాడు. మంచికే అన్నాడు, అదే గుచ్చుకుంది. నీలాంటివాళ్ళు అంటే ఎవరు, అనుకుంది అమ్మాయి. విజిల్‌కీ విజిల్‌కీ మధ్య బతికేవాళ్ళా? కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు, అంటే మా ఆవిడ, ముద్దుగా అన్న మాట గుర్తొచ్చింది: "పాడుకుంటూ పని చేసుకో అమ్మాయ్, పనీ అవుతుంది, పాటా అవుతుంది." ఇన్నేళ్ళలో పని ఎప్పుడూ అయింది. పాట ఎప్పుడూ పల్లవి దగ్గరే ఆగింది. చరణం ఎత్తుకునేసరికి ఎవరికో ఏదో కావలసి వచ్చేది. అసలు ఇంటిపనంతా పల్లవే కదా, తోమిన గిన్నే తోమడం, ఉతికిన చొక్కాయే ఉతకడం. ఆఫీసులోనూ అంతే. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. "నీ గొంతు బాగుందమ్మా, రెండు ముక్కలు చదివిపెట్టు, అయిదు నిమిషాల పని," అన్నాడు మేనేజరు. అప్పటినుంచి ల్యాబుకు ఎవరు ఫోన్ చేసినా ఆమె గొంతే: "మీ ఫోను మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి." అయిదు నిమిషాల పనికి డబ్బులేమిటని ఎవరూ ఇవ్వలేదు. మొన్న తనకే జ్వరమొచ్చి, సెలవు అడగడానికి ఫోన్ చేస్తే, తనను వేచి ఉండమని తనే బతిమాలింది! అది తలుచుకుని ఇస్త్రీ పెట్టె పట్టుకునే నవ్వేసింది.

నవ్వుతూనే గళ్ళది తెరిచింది. ఆమె రికార్డు చేసిన ప్రతి ముక్కనూ మధ్యలో ఎవరో ఒకరు పిలిచి చెడగొట్టారు. దుప్పట్లు చప్పుడును ఆపుతాయి గాని, మా ఇంటివాళ్ళ గొంతుల్ని ఆపగలవా? అన్నాళ్ళూ ఆ ముక్కల్ని పారేద్దామనుకుంది. ఇప్పుడు వాటినే ఏరి గడికొకటి పెట్టింది. "ఏమోయ్, నా కళ్ళజోడు." "అమ్మాయ్, కాసిని నీళ్ళు." "కోడలుపిల్లా, టీ సంగతేంటి?" కింద తాళానికి కుక్కరు విజిల్. అన్నీ కలిపి నొక్కింది.

ఏం దరువండీ అది! హాల్లో కూర్చున్న నా కాలు దానంతటదే ఆడింది. మా ఆవిడ తలూపుకుంటూ గదిలోకి వెళ్ళింది.

"ఎవర్తే అది, చెవులు చిల్లులు పడేలా?"

"మీరే అత్తయ్యా."

"నేనంత గట్టిగా అరుస్తానా?"

"సౌండు బాగా తగ్గించి పెట్టాను అత్తయ్యా."

ఇక్కడ నేను ఒక మాట వెనక్కి తీసుకోవాలి. కోడలి మనసంతా తెలుసన్నాను కదా, ఆ గదిలో ఆమె పాటలు కడుతోందన్న సంగతే నాకు ఆ రోజుదాకా తెలియదు. పక్కింటి రేడియో అనుకున్నాను. "మీ రేడియోలో పాటలు భలే ఉంటాయండీ" అని పక్కింటాయన్ని మెచ్చుకున్నాను కూడా. ఆయన థాంక్స్ చెప్పాడు! ఆమె అనుకున్నవని నేను పైన రాసినవన్నీ తర్వాత ఆమె చెప్పినవే. ఉప్పూకారం నాది.

నేనూ గదిలోకి వెళ్ళాను. "ఆ తిరిగేదాన్ని లూపంటారా అమ్మా? మా రైల్వేలోనూ ఉండేది. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి పాసింజరు బండిని పక్కకు తోసి నిలబెట్టే పట్టాను లూప్ లైన్ అనేవాళ్ళం. ఒకసారి ఒక బండిని అలా పెట్టి మరిచిపోయాం. జనం దిగి పొయ్యిలు వెలిగించుకున్నారు. మూడో పెట్టెలో పిల్లకీ అయిదో పెట్టెలో కుర్రాడికీ పెళ్ళయింది. బండి కదిలేసరికి ఒక టికెట్టు ఎక్కువ కావలసి వచ్చింది."

మా ఆవిడ పడీపడీ నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వు ఆపేసింది.

"ఆ పాసింజరు మళ్ళీ ఎప్పుడు కదులుతుంది మామయ్యా?"

"ఎక్స్‌ప్రెస్సులన్నీ వెళ్ళిపోయాక."

"ఎక్స్‌ప్రెస్సులు అయిపోతాయా?"

"నేను కొలువులో ఉన్నన్నాళ్ళూ అయిపోలేదమ్మా."

ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేసింది. చొక్కాకు ఒక చెయ్యి నున్నగా, ఇంకో చెయ్యి ముడతలుగా అలాగే ఉండిపోయింది. "ఏమండీ, నేను బారుది తీసుకుంటున్నాను," అంది.

మావాడు కంగారుపడ్డాడు. "దానికి గంటలు గంటలు కావాలిగా? నీకెక్కడివి?"

"ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి భోజనాల దాకా నావి."

"మరి వంట?"

"వంట గళ్ళదేగా అండీ. కుక్కరు పెట్టి విజిల్ వచ్చేలోపు మీరు పేపరు చదువుకోవచ్చు. బట్టలారేసి వచ్చి ఇంకో పేజీ."

మా ఆవిడ కొడుకు వంక చూసి, "దొరికావురా," అంది. గొంతులో జాలి లేదు సరికదా, సంబరం ఉంది.

మర్నాడు ఆదివారం. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాను. మా ఆవిడ కుర్చీలో కూర్చుని ఇద్దరికీ ఆజ్ఞలు జారీ చేస్తోంది. మావాడు ఉప్పు కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. అలవాటు కొద్దీ "ఏమోయ్..." అనబోయి నోరు మూసుకున్నాడు. మెల్లగా వెళ్ళి, ఇస్త్రీ గది తలుపు దగ్గరగా వేసి, మునివేళ్ళ మీద తిరిగొచ్చాడు.

భోజనాల వేళకు అమ్మాయి బయటికొచ్చి పాట వినిపించింది. మొదట మా అరుపులు దరువుగా తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. కళ్ళజోడు ఆగింది, నీళ్ళు ఆగాయి, నా టీ ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి ఆమె గొంతు ఒక్కటే లేచి, పల్లవి దాటి, చరణంలోకి వెళ్ళింది. రెండో చరణంలోకీ వెళ్ళింది. మాడిన కూర ముందు పెట్టుకుని నలుగురం కదలకుండా విన్నాం. మావాడు, "ఇంకోసారి పెట్టవూ," అన్నాడు.

ఇదీ కథ. బండిలో పెళ్ళి నిజమే, కావాలంటే ఆ పెళ్ళికొడుకునే అడగండి. మావాడు తలుపు వేశాడన్న ముక్క ఒక్కటే నేను కల్పించాను. కన్నకొడుకు కదా, కథలోనైనా ఒక మంచిపని చేయిద్దామనిపించింది. నిజానికి వాడు ఉప్పు ఎక్కడుందో అడుగుదామనే గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పటికే తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది.