క్యాలెండర్లో గురువారాలు

నా మనవరాలి స్కాలర్‌షిప్ కాగితాల్లో ఆరు నెలలు తక్కువపడ్డాయి.

పోలీసుల పిల్లలు కాలేజీలో చదువుకోవడానికి వాళ్ళ సంక్షేమ విభాగం ఇచ్చే స్కాలర్‌షిప్ అది. మార్కులకి లోటు లేదు. తండ్రికి మాత్రం ఇరవై ఏళ్ళ ఎడతెగని సర్వీసు ఉండాలి. మా అబ్బాయి హెడ్ కానిస్టేబులు, ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. కానీ వాడి సర్వీసు రిజిస్టరులో పదిహేడేళ్ళ కిందటి జూన్ నుంచి నవంబరు దాకా ఉన్న పేజీలు, ఆఫీసులో పైపు పగిలినప్పుడు నీళ్ళకి నాని అట్టలా అతుక్కుపోయాయి. ఆ ఆరు నెలలూ ఉద్యోగంలో ఉన్నాడని రుజువు చూపకపోతే సర్వీసు అక్కడ తెగిపోయినట్టే. శుక్రవారం ఆఖరు రోజు. స్కాలర్‌షిప్ వస్తే పిల్ల దూరాన ఉన్న కాలేజీలో, హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. రాకపోతే సీటు వదులుకోవాలి.

రాకపోతే నా కళ్ళముందే ఉంటుంది కదా అన్న ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. రెండు రోజులు నా వెనకాలే తిరిగింది. మూడో రోజు పొద్దున మంచం కింది ఇనప్పెట్టె బయటికి లాగాను.

అందులో పాత గోడ క్యాలెండర్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. ప్రతి గడిలోనూ పైన మా వాడు డ్యూటీకి బయల్దేరిన టైము, కింద ఇంటికి వచ్చిన టైము రాసి ఉంటాయి. మా ఆయన ఒక రోజు పనికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎన్నింటికి బయల్దేరాడని వచ్చినవాళ్ళందరూ నన్నే అడిగారు. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు. ఎండ గుమ్మం దాటాక వెళ్ళాడని చెప్పాను, ఎవరో నవ్వారు. ఆ తర్వాత గడియారం నేర్చుకున్నాను, అంకెలు నేర్చుకున్నాను, అక్షరాలు కూడా క్యాలెండర్ల మీదే కూడబలుక్కున్నాను.

ఇవి పట్టుకెళితే ఆఫీసులో నవ్వుతారని మా వాడు అన్నాడు. నవ్వితే నవ్వనీ అని పిల్ల ఆ ఏడాది చుట్టను చంకలో పెట్టుకుంది. ముగ్గురం బుధవారం వెళ్ళాం.

ఆఫీసులో ఇనప బీరువాలు గోడ కనబడకుండా నిలబడి ఉన్నాయి. సూపరింటెండెంటు నాకంటే బాగా చిన్నావిడ, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఆవిడ నవ్వలేదు. క్యాలెండరు బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు స్టాంపులు బరువు పెట్టింది. ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు, వాచీ చూసి రాసేవారా, గోడ గడియారమా అని నన్నే అడిగింది. చెప్పాను. ఇంటివాళ్ళ రాత రుజువు కింద చెల్లదని ఆవిడ అంది. అయినా క్యాలెండరు మీంచి కళ్ళు తియ్యలేదు.

ఆ ఆరు నెలల్లో స్టేషన్ డైరీ ఒక్క జూలైది మాత్రం తడవకుండా మిగిలిందట. ఎవరు ఎప్పుడు డ్యూటీ దిగారో అందులో ఉంటుంది. ఒక్క నెల ఆరు నెలలకి సరిపోదు గానీ నా రాత నిజమో కాదో దాంతో తేలుతుందని, నిజమైతే పైఅధికారిని అడిగి చూస్తానని ఆవిడే లేచి డైరీ తెచ్చింది. పిల్ల తేదీలు చదువుతుంటే ఆవిడ పోల్చింది. డైరీలో అయిదున్నర, నా గడిలో ఆరూ అయిదు. మళ్ళీ అయిదున్నర, ఆరూ అయిదు. సైకిలు మీద వాడికి ముప్ఫై అయిదు నిమిషాల దారి.

"మా డైరీ కంటే మీ క్యాలెండరే నయం మామ్మగారూ. కొట్టివేతలు లేవు," అందావిడ.

నేను కాస్త పొంగిపోయాను. అంతలో ఆవిడ వేలు ఆగిపోయింది. గురువారం. డైరీలో అయిదున్నరే ఉంది. నా గడిలో ఎనిమిదిన్నర. తర్వాతి గురువారం కూడా ఎనిమిదిన్నరే. ఆ నెలలో గురువారాలన్నీ అంతే.

నేను మా వాడి వైపు చూశాను. చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిన్నప్పటిలాగే చెవులు ఎర్రబడ్డాయి. ఆ గురువారాలు నాకు బాగా గుర్తే. బందోబస్తు అనేవాడు.

"రెంటిలో ఒకటి తప్పయి ఉండాలి. డైరీయా, మామ్మగారా?" అని సూపరింటెండెంటు అడిగింది. ఇది తేలకపోతే పైకి పంపలేనని కూడా చెప్పింది.

వాడు టోపీ చేతిలో తిప్పుతూ కూచున్నాడు. ఎక్కడికి వెళ్ళేవాడో ఊహించుకుంటూ నేను చాలా దూరం పోయాను. తండ్రి ఆనవాలు ఏమన్నా దొరికిందేమో, నాకు చెప్పకుండా వెతుక్కున్నాడేమో అని కూడా అనుకున్నాను.

"ఇన్నాళ్ళూ ఊళ్ళో అందర్నీ నువ్వు అడిగావు నాన్నా. ఇవాళ నీ వంతు," అంది పిల్ల.

"సాయంత్రం కాలేజీకి వెళ్ళేవాణ్ణి," అన్నాడు వాడు.

ఉద్యోగాలు చేసేవాళ్ళకి వారానికొక రోజు నడిపే డిగ్రీ తరగతులట. సబ్జెక్టు భూగోళం. తర్వాత ఏమైందని ఆవిడ అడిగితే, ఇంట్లో వీలుపడక మానేశానన్నాడు. డ్యూటీ దిగినా ఎప్పుడు పిలుస్తారో తెలియని ఉద్యోగం, వారం వారం కాలేజీకి స్టేషన్ అధికారి ఊరికే వదలడు కదా, కాగితం ఏమీ లేదా అని ఆవిడ ఇంకా అడిగింది. అప్పుడు వాడు తలెత్తాడు. హాజరు కార్డు ఉండేదట. ఇతను మా స్టేషన్లో పనిచేస్తున్నాడు, గురువారం పంపడానికి అభ్యంతరం లేదని అధికారి నెలనెలా దాని మీద సంతకం చేసి స్టాంపు వేసేవాడట.

"ఆ కార్డు ఉందా?" అని ఆవిడా నేనూ ఒకేసారి అడిగాం.

ఉంది. అటక మీద, పాత యూనిఫాముల మడతల్లో, ఒక లావుపాటి పుస్తకం మధ్యలో. మర్నాడు పట్టుకెళ్ళి చూపించాడు. జూన్ నుంచి నవంబరు దాకా ఆరు స్టాంపులు. క్యాలెండరు అవసరమే లేకపోయింది. సూపరింటెండెంటు ఒకటికి రెండుసార్లు చూసి కాగితాలు పైకి పంపింది. ఆ నెలాఖరుకల్లా పిల్లకి స్కాలర్‌షిప్ ఖాయమైంది.

కార్డు చూపించిన రోజు మధ్యాహ్నం నేను క్యాలెండరు మళ్ళీ పరిచాను. వీలుపడలేదని వాడన్న మాట నాకు మింగుడు పడలేదు. నవంబరు ఆఖరి గురువారం గడిలో టైము పక్కన నా వంకర అక్షరాలతో రెండు మాటలున్నాయి: స్టేషనుకి వెళ్ళాను.

గుర్తొచ్చింది. ఆ రోజు వాన. తొమ్మిది దాటినా రాలేదని చంటిపిల్లని చంకనేసుకుని స్టేషనుకి వెళ్ళి అందరిముందూ ఏడ్చాను. వచ్చేస్తాడులే అన్నారు గానీ ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. తర్వాతి గురువారం గడిలో ఆరూ అయిదు. ఆ తర్వాతి గురువారం ఆరూ అయిదు. డిసెంబరంతా అంతే.

వాడు వచ్చాక క్యాలెండరు ముందు పెట్టి వేలితో చూపించాను. వాడు బూట్లు విప్పుతూ చూసి, మళ్ళీ లేసుల మీదికి తల వంచాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చదువుకోసం ఆలస్యమవుతుందంటే వద్దనేదానివమ్మా. డ్యూటీ అంటే నోరెత్తవు."

వద్దనేదాన్నే. కాదని ఎలా అనను?

జూన్లో పిల్ల వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడవద్దని ముందే ఒట్టు వేయించుకుంది, అయినా నిలబడ్డాను. ఆ రోజు గడిలో పైన ఆరూ నలభై అని రాశాను. కింద ఏం రాయాలో తెలియక వదిలేశాను. పొద్దు గడవక అటక మీది ఆ భూగోళం పుస్తకం దింపించుకున్నాను. నూట పన్నెండో పేజీ దాకా పెన్సిలు గీతలున్నాయి. నదులు దారి మార్చుకోవడం గురించిన పాఠం సగంలో గీతలు ఆగిపోయాయి. నేను ఆ సగం దాటి చదివాను. అన్నీ అర్థమయ్యాయని కాదు. మారిపోయిన నది వదిలేసిన పాత దారి ఏమవుతుందని ఒక సాయంత్రం వాణ్ణి అడిగాను. నాకూ తెలీదు, చదివి చెప్తానన్నాడు.

మర్నాడు అలమరలో పుస్తకం లేదు. వాడు డ్యూటీకి పట్టుకెళ్ళాడు. ఆరూ అయిదయ్యేసరికి గుమ్మంలో నిలబడ్డాను, పుస్తకం కోసం.