సూదిమొనంత వెలుతురు

ఆదివారం సాయంకాలం సత్యవేడు బస్సు దిగి, హాస్టలు గది తలుపు తీసిన లోహితకు మొట్టమొదట కంటబడినది అలమరలోని శ్రీనివాసుని పటం. మనుమరాలు ఇంజినీరింగు చదువుకు తిరుపతికి బయలుదేరిన నాడు అవ్వ దేవకమ్మ తన పూజగదిలోనుండి తీసి, కళ్ళకద్దుకొని ఇచ్చిన పటం అది. అడుగున్నర పొడవు, అందుకు తగిన వెడల్పు. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి ఆ గాజుమీద కుంకుమబొట్టు పెట్టిన పిమ్మటనే లోహిత తరగతికి కదిలేది. మొన్నటి శుక్రవారం పెట్టిన బొట్టు ఇప్పుడు లేదు. గాజు కడిగిన ముత్యంలా ఉన్నది.

“ధూళి పట్టిండాదని నేనే తుడిచినాను మే,” అన్నది గదిలో తోడుండే భానుశ్రీ, మంచం మీదినుండి లేవకుండానే. “నువ్వు ఊర్లో కూర్చుంటే మీ సామిని ఈడ సూసుకునేదెవరు?”

ఆ మాటకు లోహిత మనసు నీరైపోయింది. అమ్మ కట్టి ఇచ్చిన కజ్జికాయల డబ్బాను అట్లే తీసి భానుశ్రీ ఒడిలో పెట్టింది.

భానుశ్రీ చిత్తూరులో ఇంగ్లీషు బళ్ళలో చదివిన పిల్ల. లోహిత ఇంటర్ దాకా తెలుగులోనే చదివింది. కళాశాలలో అధ్యాపకులు ఇంగ్లీషులో ధారాళంగా చెప్పుకుపోతూ ఉంటే ఆమెకు వాక్యానికొక మాట చిక్కేది. దానిని పట్టుకొనేలోగా తక్కినవి దాటిపోయేవి. మూడవ వారానికే ఆమె పెట్టె సర్దుకొన్నది. అది చూచి భానుశ్రీ నవ్వలేదు. ఆ వారం తరగతిలో ఇచ్చిన ప్రశ్నకాగితం చేతికి తీసుకొని, ఒక్కొక్క ప్రశ్నను చదివి తెలుగులో విప్పి చెప్పింది. ఆనాటినుండి ప్రతి సాయంకాలం అదే పని. “నాకు ఇంగ్లీషు రాదని ఎవరికీ చెప్పొద్దు,” అని లోహిత వేడుకొంటే, భానుశ్రీ ఆ పటం వైపు చేయి చాచి, “సామి మీద ఆన. ఈ గది దాటదు,” అన్నది.

లోహితకు భయం లేని పాఠం ఒక్కటే, ఇంజినీరింగు డ్రాయింగు. గీతకు భాష లేదు. బోర్డు మీద షీటు పరచి, కంపాసు సూదిని నడుమ గుచ్చి వృత్తం తిప్పుతూ ఉంటే, తానూ ఈ చదువుకు తగినదాననే అనిపించేది. ఊరికి పోకముందే ఈ వారపు దీర్ఘవృత్తాన్ని, రెండు వృత్తాల సాయంతో బిందువులు గుర్తించి గీచి, షీటును చుట్టి మంచం కింద పెట్టిపోయింది.

సోమవారం ఉదయం డ్రాయింగు మాస్టరు కృష్ణమూర్తి షీట్లన్నీ చూచి, రెండింటిని మాత్రం పక్కకు తీసినాడు.

“లోహిత, భానుశ్రీ, ఇట్ల రాండమ్మా. ఏడో బిందువు దగ్గర వంపు ఉబ్బిండాది చూడండి. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఇద్దరికీ ఒకే పంటి కింద వాపు వచ్చిండాదే, ఏం తిన్నారమ్మా?”

తరగతి గొల్లుమన్నది.

“ఏటా చూసేదే ఇది. గాజు పలక కింద సెల్లు లైటు పెట్టి, ఒకరి షీటు మీద ఇంకొకరి షీటు పరిచి ఎత్తేసినారు. ఎత్తినవాళ్ళకు ఏడాదంతా షీట్ల మార్కులు సున్న అని మొదటి దినమే చెప్పినాను. చెప్పండి, గీసిందెవరు?”

లోహిత స్నేహితురాలి ముఖం చూచింది. చెప్పకుండా తీసుకొన్నానని ఆమే ఒప్పుకొంటుందని ఎదురుచూచింది.

“నేనే గీసినాను సార్,” అన్నది భానుశ్రీ.

“ఎట్ల నమ్మేది?”

“ఆ పిల్లకు ఇంగ్లీషు రాదు సార్. దినామూ నేనే ప్రశ్న చదివి తెలుగులో చెప్పాల. కావాలంటే ఇప్పుడే చదివించండి. ప్రశ్నే చదవలేని పిల్ల బొమ్మ గీస్తుందా?”

“ఏబీసీడీలు కూడా నువ్వే దిద్దించు భానూ!” అని వెనుక వరుసలోనుండి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

లోహితకు ఆ నవ్వులు దూరంగా వినబడినవి. ఆమె చెవిలో గాజు అన్న మాట ఒక్కటే నిలిచిపోయింది. తమ గదిలో ఉన్న గాజు పలక ఒక్కటే. బొట్టు అడ్డం వస్తే వెలుతురు సరిగా పారదు. అందుకే భానుశ్రీ దానిని తుడిచివేసింది. తాను కజ్జికాయలు పెట్టి సంతోషించినది దానికి!

“నువ్వేమంటావమ్మా?” అన్నాడు మాస్టరు.

మూడు నెలలుగా తరగతిలో పెదవి విప్పని పిల్ల, తెలుగులోనే చెప్పింది. “రెండు షీట్లూ కిటికీకి ఎదురుగా పట్టి చూడండి సార్. నడుమ, కంపాసు సూది పెట్టే చోట.”

“ఏముంది ఆడ?”

“చెక్క బోర్డు మీదైతే సూది దిగుతాది సార్, కాగితానికి బొక్క పడతాది. గాజు మీద దిగదు, జారిపోతాది.”

మాస్టరు షీట్లు ఎత్తి పట్టినాడు. లోహిత షీటు నడుమనుండి సూదిమొనంత వెలుతురు చుక్కవలె మెరిసింది. రెండవ దానిలో ఒక సొట్ట, దాని పక్కన జారిన గీటు, అంతే. ఆయన భానుశ్రీ షీటు మీద ఎర్రని సున్న చుట్టినాడు.

“నీ ఏడో బిందువు కూడా తప్పే,” అన్నాడు లోహితతో. “మళ్ళా గీసుకోని రా.”

ఇప్పుడెవరూ నవ్వలేదు. కానీ ఇందాక నవ్విన నవ్వును వెనుకకు తీసుకొన్నవారూ లేరు.

సాయంకాలం గదిలో భానుశ్రీ కళ్ళు ఉబ్బి ఉన్నవి. “అంతమంది ముందర నా మానం తీసేసినావు కదే! సార్‌తో ఒంటిగా చెప్పుంటే సరిపోయేది కాదా?”

“నాకు ఇంగ్లీషు రాదని నువ్వు చెప్పింది ఒంటిగానా?”

“సున్న పడితే మా నాయన చదువు మాన్పించేస్తాడు. ఇంకో దారి కనపళ్ళేదు.”

“అడిగుంటే పక్కన కూర్చోని నేర్పించుంటాను కదా భానూ. షీటు పోతే పోయింది. సామి మీద ఆన పెట్టి, ఆ సామి గాజే ఊడదీసినావు. ధూళి తుడిచినానని మళ్ళా నాతోనే చెప్పినావు.”

భానుశ్రీ గోడవైపు తిరిగి పడుకొన్నది. అటు తిరిగే అన్నది. “రేపటినుంచి నీకు ప్రశ్నలు చదివి చెప్పేదెవరో నేనూ సూస్తా.”

లోహిత పటాన్ని చేతిలోకి తీసుకొన్నది. స్వామి పాదాలకు పైన గాజుమీద వెంట్రుకవంటి గీటు ఒకటి, కాగితాలు సర్దేటప్పుడు కంపాసు సూది గీచుకొన్న చోటు. చున్నీ అంచుతో ఎంత రుద్దినా అది పోలేదు. నొసటి చోట ఎప్పటివలె బొట్టు పెట్టి, పటాన్ని యథాస్థానంలో నిలిపి, ప్రశ్నకాగితం తెరచి కూర్చున్నది. పైకే చదవసాగింది, గొంతు తగ్గించకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. రెండవ వాక్యంలో నాలుక తొట్రుపడింది.

“ఈక్వి... ఈక్విడి...”

“ఈక్విడిస్టెంట్,” అన్నది గోడవైపు తిరిగి ఉన్న భానుశ్రీ, అలవాటు చొప్పున.

లోహిత ఆ మాటను మళ్ళీ పలుకలేదు. దాని కింద పెన్సిలుతో ఒక గీత గీచి, సెల్లులో నిఘంటువు తెరచి అర్థం తానే వెదుక్కొన్నది: సమాన దూరంలో ఉన్న.