గాజు కప్పు మీద నీడ

మండవల్లి అవతల కొల్లేటి గట్టున కొత్తగా కట్టిన చర్చికి కప్పు సోలార్ గాజుతో వేశారు. పలకల్లో నల్లటి గళ్ళు, గళ్ళ సందుల్లోంచి ఎండ. పైన కరెంటు పుడుతుంది, కింద బల్లల మీద వెలుతురు పడుతుంది. రెండువేల ఎనిమిదిలో ఆ చుట్టుపక్కల అలాంటి కప్పు మరొకటి లేదు. దాన్ని బిగించింది ఏలూరు ఎలక్ట్రీషియన్ సత్యానందం. ఆ పనిలోనే అతని దగ్గర పనిచేసే యోసేపు పైనుంచి జారిపడి చనిపోయాడు.

ఏడాది తిరిగాక పాస్టరు యేసుదాసు గారు కబురు పెట్టారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి కరెంటు సగానికి సగం పడిపోతోందట.

"ఏ కొంగో వాలుతుందండీ. ఒక్క పలక మీద నీడ పడినా వరసంతా కుంగిపోద్ది," అన్నాడు సత్యానందం.

మీటరు తగిలించి కూర్చున్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు కొట్టగానే ముల్లు వాలిపోయింది. తలెత్తితే నాలుగో పలక మీద మనిషి బోర్లా పడుకున్నట్టు నీడ. నేల మీదా అదే, చేతులు చాపుకుని.

నిచ్చెనెక్కాడు. గాజు మీద ఏమీ లేదు. మిగతా పలకలు పెనాల్లా కాలుతున్నాయి. నాలుగోది మాత్రం చల్లగా ఉంది, వానలో తడిసినట్టు అరచేతికి చెమ్మ అంటింది.

"ఏమైనా ఉందాండీ?" కిందనుంచి పాస్టరు గారు అడిగారు.

"ఏం లేదండీ."

"ఇక్కడ కనబడుతోందండీ. మీ నీడ పక్కనే ఉంది." ఆయన బల్ల వెనక్కి జరిగారు. "ఇప్పుడు తల మీవైపు తిప్పిందండీ."

ఎలా దిగాడో అతనికే తెలియదు. కింద, యోసేపు భార్య కాంతం చీపురు పక్కన పెట్టి ఆ నీడలో కూర్చుని ఉంది. చర్చి ఊడ్చేది ఆవిడే.

"భయం లేదామ్మా?" అడిగాడు సత్యానందం.

"ఎందుకండీ? ఇంటికి రాని మనిషి ఇక్కడికైనా వస్తన్నాడు."

సత్యానందం ఆవిడ ఎదుట మోకరించాడు. "ఆ రోజు వాన వెలిసింది, గాజింకా ఆరలేదు. తాడు కట్టుకుంటానన్నాడమ్మా. టైము లేదు, ఎక్కమన్నాను. వాడే తొందరపడ్డాడని అందరికీ చెప్పాను."

కాంతం నేల మీది నీడను అరచేత్తో నిమిరింది. ఆదివారం అతను అదే మాట సంఘమంతటి ముందూ చెప్పాడు.

సోమవారం మూడయింది. ముల్లు కదల్లేదు. నేలంతా ఎండే. కాంతం ఎప్పటి చోటే కూర్చుని నాలుగింటి దాకా చూసింది, అయిదింటి దాకా చూసింది. వెలుతురు గోడెక్కాక సత్యానందం వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పారండీ?" అంది. "ఏడాదిగా నోరు మూసుకునే ఉన్నారు కదండీ. ఇంకా కొన్నాళ్ళు ఉండలేకపోయారా?"