బెల్లం నీళ్ళు

బంగార్రాజు రోజంతా తింటూనే ఉన్నాడు. అయినా ఎండిపోతున్నాడు.

రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీ. గొలుసు తెగి ఊగిన ఇనుప దూలం అతని పొట్టలో గుద్దింది. నలిగి కుళ్ళిన పేగుల్ని డాక్టర్లు కోసేశారు. చిన్నపేగు మూరెడు మిగిలింది. కుట్లు మానగానే ఇంటికి తోలారు. ఏం తినాలో ఒక్కడూ చెప్పలేదు. కూలోడికి అంత వివరం దేనికి!

కాంట్రాక్టరు లక్ష్మీప్రసాద్ తన కూలీలకు మాస్కులు ఇవ్వడు, బెల్లం ముక్కలు పంచుతాడు. గొంతులో దుమ్ము దిగిపోతుందట, రక్తం పడుతుందట. ఆ నమ్మకంతోనే బంగార్రాజు భార్య నూకమ్మ గ్లాసుల కొద్దీ బెల్లం నీళ్ళు తాగించింది. తాగించేకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి.

చివరికి పవర్ హౌస్ బజారులో డాక్టర్ ప్రసూనకు చూపించింది.

"పొట్ట రుబ్బుతుంది, అంతేనమ్మా. ఒంటికి పట్టించేది చిన్నపేగు. దాని లోపలి గోడకి సన్నటి నూగు ఉంటుంది. అన్నంలో సారాన్ని అదే పీల్చి రక్తంలో కలుపుతుంది. మీ ఆయనకి ఆ పేగు మూరెడే మిగిలింది. తీపినీళ్ళు పోస్తే ఆ తీపి ఒంట్లో నీటిని కూడా పేగులోకి లాగి బయటికి తోసేస్తుంది."

"బలానికని ఇచ్చేనమ్మా..."

"ఇక వద్దు. ఓఆర్‌ఎస్ నీళ్ళు చెంచాతో పట్టండి. నరంలోంచి ఆహారం ఎక్కించాలి, రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పనిలో దెబ్బని కాంట్రాక్టరు ఒప్పుకుంటే బీమా కింద పంపుతారు. ఆలస్యమైతే మనిషి దక్కడు."

నూకమ్మ కబురు పెడితే లక్ష్మీప్రసాద్ బెల్లం దిమ్మతో వచ్చాడు. బంగార్రాజు మంచం మీద అన్నం తింటున్నాడు.

"ఏటి బంగార్రాజూ, కంచం నాకేస్తన్నావే! ఇంత తినేవోడికి రోగవేటి? సోమవారం డ్యూటీకి వచ్చేయ్ భయ్యా."

"పన్లో దెబ్బని ఒక్క ముక్క చెప్పండి బాబూ. రాయ్‌పూర్ తీసుకెళ్తాను" అంది నూకమ్మ.

"అరక్క విరేచనాలైతే మిల్లేటి చేస్తది? ఇదిగో బెల్లం, పెట్టు."

నూకమ్మ మంచం కింది బకెట్టు లాగి అతని బూట్ల ముందు పెట్టింది.

"చూడండి. పొద్దున్న తిన్న మెతుకులు మెతుకుల్లాగే ఉన్నాయి. ఏటి తిన్నాడో మీరే చెప్పండి."

"ఛీ! హటావ్ ఇసే! తియ్యి దీన్ని!" ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు షిఫ్టు మారే వేళ బస్తీవాళ్ళు బంగార్రాజును మంచంతో సహా ఎత్తి మిల్లు గేటుకి అడ్డంగా దించారు. కూలీలు లోపలికి వెళ్ళకుండా ఆగిపోయారు. లారీలు బారులు తీరాయి. అప్పుడు గానీ లక్ష్మీప్రసాద్‌కి నోరు పెగల్లేదు. పనిలో దెబ్బేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

అది వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. నూకమ్మ చెంచాతో నీళ్ళు పోసింది. బంగార్రాజు గుటక వేయలేదు. పెదవి పక్కనుంచి కారిపోయాయి.

"పోయేడు కదా, ఇంకా ఏటి, మంచం తియ్యండి, గేటు ఖాళీ చెయ్యండి" అన్నాడు లక్ష్మీప్రసాద్.

ఎవ్వరూ చెయ్యి వెయ్యలేదు.