టైర్లకు రాసిన నూనె

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక, మా కోడలు షెకినా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే వచ్చిన అక్షరాలివి. ఒక్కో మాట దగ్గర ఆగుతాను, వెనక్కి పోయి దిద్దుతాను. ఈ సంగతి రాయడానికి ఇంకా ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది.

మా ఆయన సంసోను బీదర్ నుంచి హైదరాబాదుకు ట్యాక్సీ నడిపేవారు. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ ఉన్న తెల్ల కారు. ఆయన పోయాక మా కొడుకు నథానియేల్ దాన్ని షెడ్డులో పెట్టి విప్పడం మొదలుపెట్టాడు. సీట్లు, ఏసీ, తలుపుల లోపలి అట్టలు అన్నీ తీసేశాడు. బోల్తా పడినా మనిషి నలగకుండా లోపల ఇనుప పైపులతో పంజరం కట్టాడు. ఇంజను మార్చాడు, బ్రేకులు మార్చాడు. ఇలాంటి కార్లకు వేరే రేసులుంటాయట. షోరూములో అమ్మే కారు ఆకారం పైకి అలాగే ఉండాలి, లోపల ఎంతైనా మార్చుకోవచ్చు.

మిగిలిన ఒక్క సీట్లో కొడుకు కూర్చుంటాడనుకున్నాను. కూర్చున్నది షెకినా.

"నేనైతె బండి విరగ్గొడ్తనమ్మా," అన్నాడు వాడు. "ఆమె సక్కగ తిరిగి తెస్తది."

నేను ఊరుకోలేదు. చర్చి బయట నలుగురి ముందు, "పిల్లల్ని ఎత్తుకునే వయసుల గా డబ్బా ఎక్కి ఉరుకుడేంది?" అన్నాను. షెకినా విన్నది. సాయంత్రం ఎప్పటిలాగే పలక తెచ్చి నా పక్కన కూర్చుంది.

రేసు నిర్ణా ఊరి వైపు, మూతబడిన ఒక ఫ్యాక్టరీ ఆవరణలో పెట్టారు. మా వాళ్లలో బండి కొంటే పాస్టరుగారు ప్రార్థన చేసి స్టీరింగుకూ నాలుగు టైర్లకూ ఒలీవ నూనె రాస్తారు. ఈ కారు కొన్ననాడు అలాగే రాశారు. మా ఆయన నడిపినంత కాలం దానికి దెబ్బ తగల్లేదు. రేసుకు పిలిస్తే పాస్టరుగారు రానన్నారు. అందుకని సీసా నేనే తీసుకుపోయాను. కొడుకూ కోడలూ టీకి పోయినప్పుడు కారు పక్కన మోకరించాను. రేసు కోసం కొత్తగా కొన్న ఆ టైర్లు మామూలువి కావు, గాడులు లేకుండా నున్నగా, వెడల్పుగా ఉన్నాయి. వేలితో రాస్తే ఏ మూలకూ చాలదనిపించి గుడ్డతో రుద్దాను.

రేసుకు ముందు ప్రతి కారునూ పరీక్షిస్తారు. టోపీ పెట్టుకున్న అధికారి మా టైరు మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతిని వాసన చూశాడు. ఇంకొకతన్ని పిలిచాడు. రబ్బరు మెత్తబడి రోడ్డును గట్టిగా పట్టుకోవాలని కొందరు ఏదో మందు రాస్తారట. అది మోసం. పట్టుబడితే ఏడాదంతా రానివ్వరు.

"నేనేం రాయలే సార్," అన్నాడు నథానియేల్. వాడి మాట నమ్మినవాళ్లు అక్కడ కనబడలేదు.

పక్క కారు నడిపే సంగమేశ్ వంగి చూశాడు. "అగో, ఎట్ల మెరుస్తున్నయో. నేనింక వీళ్లు కష్టపడి ముందుకొస్తుండ్రు అనుకున్న."

సీసా నా కొంగు కింద ఉంది. చెప్తే, వద్దన్న అత్త కావాలనే నూనె పోసిందంటారు. చెప్పకపోతే కోడలు దొంగవుతుంది. ఇది తేల్చుకోవడానికి అంతసేపు పట్టకూడదు, కానీ పట్టింది. అధికారి షెకినాను పక్కకు రమ్మని పిలిచాక గానీ నేను ముందుకు పోలేదు.

"నేను రాసిన సార్. ప్రార్థన నూనె."

ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. టైరు చూశాడు, నన్ను చూశాడు. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

"పెద్దమ్మా, జర మా బండి దిక్కు రాకు," అన్నాడు సంగమేశ్. "మేం ఇంటికి పోవాలె."

తిట్టినా బాగుండేది. మోసం లేదని అధికారి ఒప్పుకున్నాడు. వెంట తెచ్చుకున్న పాత టైర్లు బిగించుకుని అందరి వెనక నుంచి బయలుదేరమన్నాడు. పోతూ పోతూ, ఈ నూనెతో దిగి ఉంటే మొదటి మలుపులోనే జారి గోడకు కొట్టుకునేదని మెల్లగా చెప్పాడు.

నథానియేల్ నా వైపు చూడకుండా చక్రాలు విప్పాడు. నేను పానాల పెట్టె వెనక కూర్చున్నాను. షెకినా అక్కడికే వచ్చింది.

"అత్తమ్మా, సీసల ఇంకింత ఉన్నదా?"

"ఉన్నది."

హెల్మెట్ చంకలో పెట్టుకుని నా ముందు తల వంచింది. "బండికి వద్దు, నాకు పెట్టు. పొద్దుగాల ఏం అడిగినవో గదే అడుగు."

నా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. "గది వద్దు బిడ్డా."

"ఏం?"

"ఇదే ఆఖరు రేసు కావాలె, మళ్ల ఈ పిల్ల మనసు ఇటు పోవద్దు అని అడిగిన."

చుట్టూ ఇంజన్లు మోగుతున్నాయి. తల వంచే ఉంది కాబట్టి ఆమె మొహం నాకు కనబడలేదు.

"గంత పని చేసినవా," అంది. "మరి ఇప్పుడేం అడుగుతవ్?"

"బ్రేకులు పట్టాలె."

"అడుగు మరి, జల్ది. పిలుస్తుండ్రు."

నుదుటి మీద వేలు పెట్టాను. పెదవులతోనే అడిగాను.

ఆ కారు ప్రతిసారీ ఆ మొదటి మలుపు దగ్గరికి వస్తుంటే చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను. బ్రేకులు పట్టాయి. ఆఖరున బయలుదేరి ముగ్గుర్ని దాటి వచ్చింది. సంగమేశ్‌ను దాటలేకపోయింది. కొత్త టైర్లుంటే దాటేదని నథానియేల్ అనలేదు. అననందుకే నాకు బాగా తెలిసింది.

ఆ సాయంత్రం కూడా షెకినా పలక తెచ్చింది. నేను తల ఎత్తలేదు. తొందరపెట్టకుండా కూర్చుంది.

ఇప్పుడూ రేసులకు పోతాను. కారు దగ్గరికి పోను, జనం దాటకుండా కట్టిన తాడుకు ఇవతలే నిలబడతాను. షెకినాయే వచ్చి తల వంచుతుంది. అప్పటికి చుట్టుపక్కల ఎవరో ఒకరు నవ్వుతూనే ఉంటారు. నేను బ్రేకుల గురించి మాత్రమే అడుగుతాను.

రాహేలు, యాభై తొమ్మిదేళ్లు. ఉండేది బీదర్‌లో, కొడుకు షెడ్డు వెనక గదిలో.